నంగునూరు అత్తయ్యగారండీ!

ఆ రోజుల్లో మా అత్తగారి వీధిలో పెళ్ళయిన ఆడమనిషికి సొంత పేరుతో పెద్దగా పని పడేది కాదు. ఏ ఊరి నుంచి కోడలిగా వస్తే ఆ ఊరే ఆమె పేరు. ఎదురింటావిడ దుబ్బాకామె. మూలమీద ఇడ్లీలు వేసే ఆవిడ చేర్యాలామె. మా అత్తగారు నంగునూరామె. కన్నవాళ్ళు పెట్టిన పేరు పెళ్ళిపందిరి దాకా వచ్చి, అక్కడే అరటిచెట్లతోపాటు ఆగిపోయేది. ఇప్పుడు సిద్దిపేటలో ప్రతి గుమ్మం మీదా పేర్ల పలకలు మెరుస్తున్నాయి గానీ, అప్పట్లో ఊరి పేరు చెబితేనే మనిషి దొరికేది. ఆ అలవాటు ఒకసారి నన్ను వేలమంది ముందు ఎంత నవ్వులపాలు చేసిందో, ఆ వెంటనే ఎంత ఎత్తున కూర్చోబెట్టిందో చెప్తాను, వినండి. నేను చదివింది ఐదో తరగతే గానీ, విన్న మాట మాత్రం నా చెవిలోంచి ఇంతవరకు జారిపోలేదు.

మాది భీమవరం. మా ఆయన సిద్దిపేట నుంచి వ్యాను వేసుకుని చేపల లోడుకి మా ఊరు వచ్చేవారు. మా నాన్న ఐసు పెట్టెలు సర్దే పనిలో ఉండేవాడు. రాత్రంతా పెట్టెలు మోసినా ఒక్క చేప నలగనివ్వని కుర్రాణ్ణి చూసి, పిల్లనిస్తే నలగనివ్వడనుకున్నాడేమో, ఇచ్చేశాడు. అలా నేను గోదావరి నీళ్ళు వదిలి సిద్దిపేటలో దిగాను. దిగిన రోజే వీధి ఆడవాళ్ళందరూ వచ్చి ఏ ఊరని అడిగారు. "భీమవరం అండీ" అన్నాను. "బీమారమా, మంచిది" అన్నారు. "బీమారం కాదండీ, భీ-మ-వ-రం" అన్నాను. "గదే పిల్లా, బీమారం" అన్నారు. ఆ రోజు నుంచి నేను బీమారం పిల్లని. నాలుగు రోజులు దిద్ది చూశాను. ఐదో రోజు ఇడ్లీల ఆవిడ పొయ్యి దగ్గర నుంచి "ఓ బీమారం పిల్లా!" అని కేకేస్తే, నాకే తెలియకుండా "ఆఁ వస్తున్నానండీ" అని పలికాను. అంతటితో ఆ యుద్ధంలో నేను ఓడిపోయినట్టే.

వాళ్ళు నా ఊరి పేరును కురచ చేస్తే, నేను వాళ్ళ ఊళ్ళ పేర్లను సాగదీసేదాన్నట. మా చిన్నప్పటి పంతులుగారు అక్షరం మింగితే వేలి కణుపుల మీద కొట్టేవారు. అందుకని ఏ ఊరి పేరైనా ఒక్క అక్షరం కూడా నలగకుండా, ఐసు పెట్టెలో చేపల్లా వరసగా పేర్చి పలకడం నాకు అలవాటు. సిద్దిపేటను ఒత్తుతో "సిద్ధిపేట" అనేదాన్ని. కొమ్రెల్లిని "కొమురవెల్లి" అనేదాన్ని. వీధి పిల్లలు నా చుట్టూ మూగి "చిన్నమ్మా, జర నంగ్నూరు అను" అనేవాళ్ళు. "నం-గు-నూ-రు" అనగానే కడుపు పట్టుకుని నేల మీద దొర్లేవాళ్ళు. (చీటికీ మాటికీ పిలిచి అనిపించుకునేవాళ్ళు. సినిమాకు డబ్బులు లేనప్పుడు నేనే వాళ్ళ సినిమా.) పెళ్ళయిన కొత్తలో వేములవాడ వెళ్దామని బస్టాండులో నిలబడ్డాం. మా ఆయన టీ తాగి వస్తాను, బస్సొస్తే సీటు పట్టమని వెళ్ళారు. నా ముందు ఒక బస్సు ఆగింది. కండక్టరు "ఏములాడ, ఏములాడ" అని గొంతు చించుకున్నాడు. అదెక్కడి ఊరో, పాపం ఎవరికోసం అరుస్తున్నాడో అని జాలిపడుతూ నేను వేములవాడ బస్సు కోసం దర్జాగా కూర్చున్నాను. మా ఆయన వచ్చేసరికి బస్సు వెనక దుమ్ము మాత్రమే మిగిలింది. ఆయన వెళ్ళి ఇంకో టీ తాగారు.

ఇది విన్న మా వదిన, అంటే మా ఆయన అక్క, పక్క వీధిలోనే కాపురం, నా నోరు బాగుచేసే పని తన మీద వేసుకుంది. రోజూ చింతపండు గింజలు తీస్తూ కూర్చోబెట్టి పాఠం చెప్పేది. "కొమ్రెల్లి అనాలె. నోరు గంత తెరువద్దు, ఈగలు వోతయి. ఇగ నంగ్నూరు అను. నడుమల ఆగకు, బస్సు లెక్క సీదా పోనియ్యి." నేను బుద్ధిగా అనేదాన్ని. ఇంత జరుగుతున్నా మా అత్తగారు మాత్రం నవ్వేవారు కాదు, దిద్దేవారు కాదు. గడప మీద కూర్చుని బీడీ ఆకులు కత్తిరిస్తూ వినేవారు, అంతే. నాతో మాటలే తక్కువ. సర్కారు జిల్లాల పిల్లను చేసుకోవడం ఆవిడకు ఇష్టంలేదేమో, నా మాట వినలేకే మౌనంగా ఉంటున్నారేమో అని లోపల ఒకటే గుబులు. ఆవిడ నోట ఒక్కసారి "నా కోడలు" అనిపించుకోవాలని నాకు కోరిక. పక్కింటివాళ్ళతో కూడా "మా ఇంట్ల పిల్ల" అనేవారు గానీ, ఆ మాట రాలేదు.

అలాంటి రోజుల్లో కొమురవెల్లి మల్లన్న జాతర వారాలు వచ్చాయి. అత్తగారికి బోనం మొక్కు ఉంది. ఆదివారం చేపల అంగడి విడిచి మా ఆయన రాలేరు. వదినకు చంటిపిల్ల. ఇక మిగిలింది నేనే. బయల్దేరేముందు మా ఆయన నన్ను పక్కకు పిలిచి, "అవ్వ చెయ్యి ఇడవకు. మోకాళ్ళ నొప్పులని ఇంట్ల గట్ల కూసుంటది గానీ, డోలు సప్పుడు ఇన్నదంటే ఆగది" అన్నారు. నేను నవ్వాను. నాలుగడుగులు వేస్తే "అమ్మా" అని కూర్చునే మనిషి ఎక్కడికి పోతారు? అత్తగారికి షుగరు. బోనం చెల్లించేదాకా ఒక్క పొద్దు, ఆ తర్వాత ముద్ద తిని మాత్ర వేసుకోవాలి. "నా కొంగుకు కడితే పోతయి, నీ సంచిలనే ఉండనీ" అని మాత్రలూ, తన చిన్న ఫోనూ నాకే ఇచ్చారు.

కొమురవెల్లిలో దిగేసరికి నేల ఈనినట్టు జనం. బోనం నెత్తికెత్తుకుని అత్తగారు ముందు, ఆవిడ మోచెయ్యి పట్టుకుని నేను వెనక. అంతలో ఎటునుంచో మల్లన్న కథ చెప్పే ఒగ్గువాళ్ళు డోళ్ళు వాయిస్తూ వచ్చారు. సరిగ్గా అదే సమయానికి ఒక కొట్టతను నా కుడిచేతిలో బండారి పొట్లం పెట్టాడు. బండారి అంటే మల్లన్నకు చల్లే పసుపు. దాన్ని అందుకుని తిరిగేసరికి నా ఎడమచేతిలో గాలి తప్ప మోచెయ్యి లేదు. డోళ్ళ వెనక ఒక ఆకుపచ్చ చీర మోకాళ్ళ నొప్పుల ఊసే లేకుండా ఎగురుకుంటూ పోతోంది. "అత్తయ్యగారూ!" అని పరుగెత్తాను. ఆ గుంపు మీద ఎవరో గుప్పెళ్ళతో బండారి చల్లారు. పసుపు పొగ తగ్గేసరికి ఆకుపచ్చ చీర లేదు, ఎర్ర చీర లేదు, లోకంలో ఉన్న చీరలన్నీ పసుపుపచ్చవే. అందరి నెత్తిన బోనం, అందరి ముఖాన బండారి. ఏ మొహం చూసినా అత్తగారే, ఎవరూ అత్తగారు కారు.

వెంటనే అతి తెలివిగా ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేశాను. పక్కన నిలబడ్డ ఆవిడ నా భుజం తట్టి, "ఓ అమ్మా, నీ సంచిల ఫోన్ మోగుతంది, ఎవ్వలో ఎత్తు" అంది. (సంచిలోంచి తీసి చూస్తే నా ఫోను నుంచే.) మా ఆయనకు చేశాను. ఆదివారం పొద్దున చేపల అంగడిలో ఫోన్ ఎత్తడానికి ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటుంది? ఎండ నెత్తికెక్కుతోంది. ఆవిడ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, మాత్రలు నా దగ్గర. ఎక్కడ కళ్ళు తిరిగి పడిపోతారో అని కనిపించిన ప్రతి బోనం కిందా తొంగి చూస్తూ తిరిగాను. అప్పుడు కనిపించింది, తప్పిపోయినవాళ్ళను పిలిచే మైకు.

ఆ పందిరి కింద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. అందరూ మైకు తాత అంటున్నారు. పొద్దున్నుంచీ అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. "ఎవ్వలు తప్పిపోయిన్రు తల్లీ?" అన్నాడు. మా అత్తగారండీ అన్నాను. "పేరేంది?" "నంగునూరామె అండీ." "గది ఊరు తల్లీ. మనిషి పేరు చెప్పు." అప్పుడు తలలో వెతుక్కున్నాను. మా ఆయన అవ్వ అంటారు. వదిన అమ్మా అంటుంది. వీధి వీధంతా నంగునూరామె, నంగునూరక్క. ఆవిడ అసలు పేరు నేను ఏ రోజూ వినలేదు! "పేరు... తెలియదండీ" అన్నాను. తాత చెయ్యి మైకు మీద ఉంది గానీ మీట మాత్రం నొక్కే ఉంది. ఆయన ఆశ్చర్యంగా పైకే "అత్త పేరు ఎరుకలేదట!" అన్నాడు. ఆ మాట గుడి గుట్టకు కొట్టుకుని తిరిగొచ్చింది. జాతరంతా ఒక్కసారి గొల్లుమంది. "పోనీ గుర్తు చెప్పు." "ఆకుపచ్చ చీరండీ, ఇప్పుడు పసుపుపచ్చ అయిపోయింది." "గీడ అందరు పసుపే." "నెత్తిన బోనం ఉందండీ." "గీడ అందరికి బోనమే." తాత నిట్టూర్చి మైకు దగ్గరికి లాక్కున్నాడు. "నంగ్నూరు ఆడిబిడ్డ, సిద్దిపేటల ఇచ్చినామె, ఏడున్నా మైకు కాడికి రావాలె."

వచ్చారు. ఒకరు కాదు, ముగ్గురు వచ్చారు. ముగ్గురూ నంగునూరు ఆడపడుచులే, ముగ్గురినీ సిద్దిపేటలోనే ఇచ్చారు, ఒక్కరూ మా అత్తగారు కారు. మొదటావిడ "మా తమ్ముడేమన్న వచ్చిండా?" అని ఆశగా అడిగింది. రెండో ఆవిడ "దర్శనం లైనుల సగందాక పోయిన, ఎవ్వతె నన్ను ఎనుకకు గుంజింది?" అని కొంగు దోపింది. మూడో ఆవిడ సంగతి విని ముక్కు మీద వేలేసుకుంది. "కోడలై ఉండి అత్త పేరు ఎరుకలేదానే? గిదెక్కడి చోద్యం!" మొదటావిడకు నా మీద జాలేసిందో ఏమో, "సరే వదినె, మీ అత్త పేరేంది, నువ్వు చెప్పు సూద్దాం" అంది. మూడో ఆవిడ ఠక్కున "మా అత్త పేరు..." అని ఆగింది. కళ్ళు పైకెత్తి ఆలోచించింది. "మా అత్త... కొండపాకామె" అంది. లైను పోగొట్టుకున్న ఆవిడ కూడా కోపం మరిచిపోయి నవ్వేసింది. ఆ తర్వాత ముగ్గురూ కదల్లేదు. నీ అత్త దొరికేదాకా ఉంటాం పో అని నా పక్కనే నిలబడ్డారు.

తాత గొంతు పూర్తిగా పోయింది. సైగ చేసి మైకు నా చేతికిచ్చాడు. అంతకుముందు నేను మైకును పెళ్ళిళ్ళలో దూరం నుంచి చూసిందే. వదిన పాఠం గుర్తు తెచ్చుకున్నాను. నోరు ఎక్కువ తెరవకుండా, నడుమ ఆగకుండా, "నంగ్నూరామె మైకు కాడికి రావాలె" అన్నాను. ఎంత చక్కగా వచ్చిందంటే, మా వదిన ఉంటే చింతపండు పక్కనపెట్టి చప్పట్లు కొట్టేది. ఫలితంగా నాలుగో నంగునూరామె వచ్చింది. మళ్ళీ అన్నాను. ఎవరూ రాలేదు. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. చేతిలో మాత్రల అట్ట చెమటకు తడిసిపోయింది. ఆవిడ ఎక్కడో ఒక గోడ వారగా పడి ఉన్నట్టూ, అందరూ దాటుకుని పోతున్నట్టూ కళ్ళ ముందు కదిలింది. అంతే, నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుపులో వదిన పాఠమంతా కొట్టుకుపోయింది.

"అత్తయ్యగారండీ! నం-గు-నూ-రు అత్తయ్యగారండీ! నేనండీ, భీ-మ-వ-రం అమ్మాయినండీ! మీ మాత్రలు నా దగ్గరే ఉండిపోయాయండీ! ఈ కొ-ము-ర-వె-ల్లి-లో నాకు ఎవరూ తెలియదండీ! మీరు లేకుండా సి-ద్ధి-పే-ట ఏ ముఖం పెట్టుకుని వెళ్ళనండీ!"

తర్వాత నవ్వు మొదలైంది. మెట్ల మీద, కొట్ల దగ్గర, చెట్ల కింద, అంతటా నవ్వే. కొందరు కుర్రాళ్ళు "అండీ, అండీ" అని తాళం వేస్తున్నారు. నేను మాత్రం మైకు విడవలేదు. ముక్కు ఎగబీలుస్తూ "అత్తయ్యగారండీ" అంటూనే ఉన్నాను. అప్పుడు దూరంగా, గుడి దగ్గరి గంగిరేణి చెట్టు వైపు నుంచి జనం రెండుగా చీలుతూ వచ్చారు. మధ్యలో ఒక బోనం నిటారుగా కదిలి వస్తోంది. దాని కింద నుంచి ఒక గొంతు వినిపించింది. "జరుగున్రి! జర తొవ్వ ఇడువున్రి! నా కోడలు పిలుస్తంది!"

నేను విన్నది నిజమేనా అని ఏడుపు మధ్యలోనే ఆగిపోయాను. అత్తగారు వచ్చారు, కాలి గోరు నుంచి కనుబొమ్మల దాకా పసుపు, నెత్తి మీద బోనం తొణకలేదు. నన్ను చూడగానే "ఏడికి తప్పిపోయినవే పిల్లా? గంగిరేణి చెట్టు కాడ నీ కోసం ఎంతసేపని సూడాలె?" అన్నారు. (తప్పిపోయింది నేనట. పందిరి కింద అందరూ నా వైపు చూశారు.) "ఇంతకుముందు పిలిస్తే వినబడలేదాండీ?" అన్నాను. "ఎందుకు ఇనరాలే? మంచిగనే ఇనచ్చింది. నంగ్నూరోళ్ళు గీడ మస్తుమంది, ఎవ్వలనో పిలుస్తున్రు అని ఊకున్న. మల్ల ఒక ఆడిమనిషి నంగ్నూరు అన్నది. గది కూడ ఎవ్వతెదో అనుకున్న. గా తర్వాత నం... గు... నూ... రు అని ఒక్కొక్కటి లెక్కవెట్టి అన్నవు సూడు, గుండె జల్లుమన్నది. గంత నిమ్మలంగ మా ఊరి పేరు పలికేది దునియల నా కోడలొక్కతే!"

"అండీ" కుర్రాళ్ళు ఇంకా నవ్వుతున్నారు. అత్తగారు అటు తిరిగారు. "ఎవడ్రా నవ్వేది? మీ పెండ్లాలు మీ అవ్వలను గిట్ల అండీ అని పిలుస్తరారా? నవ్వుతున్రు పెద్ద!" నవ్వు అక్కడితో ఠక్కున ఆగింది. నంగునూరు ఆడపడుచులు నలుగురూ "గట్ల అడుగు వదినె!" అని వంత పాడారు. అంతటితో ఊరుకోలేదు. ఒక చేత్తో బోనం పట్టుకుని, రెండో చేత్తో నా నుంచి మైకు తీసుకుని, అంత జాతరకూ వినిపించేలా చెప్పారు. "నా కోడలు దొరికింది. ఎవ్వలు పరేషాన్ గాకున్రి. నా కోడలు... భీ-మ-వ-రం పిల్ల!" ఒక్క అక్షరం నలగలేదు. మా పంతులుగారు అక్కడుంటే ఆవిడ చేతి కణుపులకు దండం పెట్టేవారు. ఇంతకాలం గడప మీద కూర్చుని నా మాటలు వినలేక మౌనంగా ఉన్నారనుకున్నాను గానీ, ఆవిడ ఒక్కొక్క అక్షరాన్నీ వింటూ దాచుకున్నారని నాకు అప్పుడు తెలిసింది.

బోనం చెల్లించాం, ముద్ద తిన్నాం, మాత్ర వేయించాను. తిరుగుబస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చారు. "అత్తయ్యగారూ, మీ పేరేంటండీ?" అని అడిగాను. ఆవిడ ముందు నవ్వారు, తర్వాత కాసేపు ఆలోచించారు (నిజంగానే ఆలోచించారు), తర్వాత నా చెవిలో చెప్పారు. చాలా అందమైన పేరు. చెవిలో చెప్పింది కాబట్టి ఇక్కడ పైకి చెప్పను. సిద్దిపేట పొలిమేరలోకి వచ్చాక ఆవిడ నా వైపు తిరిగి మెల్లగా, "మల్ల నీ పేరేందే?" అన్నారు. ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటుంటే కండక్టరు టిక్కెట్టు అడగడం మానేసి మమ్మల్నే చూశాడు.

మర్నాడు వదిన చింతపండు చాట పట్టుకుని పాఠానికి వచ్చింది. అత్తగారు గడప మీద నుంచే "ఇగ సాలు గాని నీ బడి. దాని మాట దానిదే ఉండనీ. రేపు మల్ల తప్పిపోతే దేన్ని వట్టి గుర్తువట్టాలె?" అన్నారు. పాఠం ఆగింది గానీ, చింతపండు మామూలుగా గింజ తీయించుకుంది. మరుసటి ఏడు జాతరకు వెళ్తే మైకు తాత నన్ను గుర్తుపట్టి, "రా తల్లీ, నా గొంతు పోయింది, నువ్వే పిలువు" అన్నాడు. ఆ వారమంతా తప్పిపోయినవాళ్ళ ఊళ్ళన్నీ నా నోటితో సాగుతూ గుట్ట చుట్టూ తిరిగాయి. మైకులో వినడానికి సరదాగా ఉందని తప్పిపోనివాళ్ళు కూడా వచ్చి పిలిపించుకున్నారు.

ఇదంతా ఎప్పటి మాటో. ఇప్పుడు మా వీధిలో కిరాయికి దిగిన కొత్త కోడళ్ళు "కొమురవెల్లికి ఏ బస్సెక్కాలాంటీ?" అని అడిగితే, "కొమ్రెల్లికా బిడ్డా?" అని నా నోటికి వస్తుంది. భీమవరం వెళ్తే మా తమ్ముడి పిల్లలు నా చుట్టూ మూగి "అత్తా, ఏదీ, గీడ గాడ అను" అని నేల మీద దొర్లుతారు. మొన్నొక సాయంత్రం మా అత్తగారు, చూపు తగ్గింది గానీ చెవి మాత్రం అలాగే ఉంది, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని "ఒక్కపారి మా ఊరి పేరు నీ తీరుగ అనవే" అన్నారు. దానిదేముందని గొంతు సవరించుకుని "నంగ్నూరు" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. మళ్ళీ అన్నాను, మళ్ళీ అదే. నాలుక ఎంత తిప్పినా ఆ పాత పిల్ల గొంతు రాలేదు. ఏ మైకులో పిలిస్తే దొరుకుతుందో ఆ పిల్ల! అత్తగారు నా చెయ్యి నిమిరి, పళ్ళు లేని నోటితో, ఒక్కొక్క అక్షరమే లెక్కపెట్టి, నాకు నేర్పించారు.

"నం... గు... నూ... రండీ!"